నోరు విప్పని హులిగెమ్మ

దొంగతనానికి పోయేవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సెంటు కొట్టుకుని, బస్సులో కిటికీ పక్క సీటు చూసుకుని మరీ పోతాడా? ఎమ్మిగనూరు మహేశ్వర్ పోయాడు. అతను కొట్టేయాలనుకున్నది ఒకే ఒక్క మాట. ఆదోని జట్టు పాస్‌వర్డ్.

సంగతేమిటంటే, ఈ రెండు ఊళ్లలోనూ మున్సిపాలిటీ వాళ్లు జనానికి ఉచితంగా కంప్యూటర్ నేర్పించారు. కొళాయి నీళ్లు, వీధి దీపాలు, చెత్త బండ్లు, ఊరి సమాచారమంతా అందరూ చూసుకునేలా నెట్‌లో పెట్టారు. దాంతో ఊరికి పనికొచ్చే యాప్ చేయమని రెండు ఊళ్లకూ పోటీ పెట్టారు. గెలిచిన ఊరికి కొత్త కంప్యూటర్ కేంద్రం వస్తుంది. ఎమ్మిగనూరు గెలిస్తే దానికి ఇన్‌చార్జి మహేశ్వరే. ఓడితే మాత్రం మేనమామ శెనక్కాయల మండీలో దుమ్ము పీలుస్తూ కూర్చోవాలి. ఆ దుమ్ము తలుచుకుంటేనే అతనికి తుమ్ములొస్తాయి.

ఏ వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో ముందే చెప్పే యాప్ ఒకటి ఆదోని వాళ్లు చేశారని వినికిడి. ఒక్కసారి లోపల తొంగి చూస్తే చాలు, తనూ అలాంటిదే అల్లేయగలడు. కానీ దానికి తాళం ఉంది. ఆ తాళం వేసింది హులిగెమ్మ.

హులిగెమ్మ నిన్నమొన్నటి దాకా జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరిన మనిషి. పాస్‌వర్డ్ ఎవరైనా అడిగితే ఏమనాలో కంప్యూటర్ నేర్పే వనజ మేడం క్లాసులో అందరి చేతా ఎక్కంలా వల్లె వేయించింది. మిగతా పాఠాల సంగతి ఎలా ఉన్నా, ఆ పాఠం మాత్రం హులిగెమ్మకు నరనరానా ఎక్కింది.

మహేశ్వర్ మొదట ఫోన్లోనే పని కానిద్దామనుకున్నాడు. గొంతు లావు చేసి, "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ పాస్‌వర్డ్ చెప్పండి" అన్నాడు.

"సెప్పను" అంది హులిగెమ్మ.

ఆ ఒక్క మాటకే అతను జడుసుకుని ఫోన్ పెట్టేశాడు. ఇక లాభం లేదని సెంటు కొట్టుకుని ఆదోని బస్సెక్కాడు. క్లాసు బయట ఆమెను పట్టుకుని, అక్కా అని వరస కలిపి, హోటల్లో ఉగ్గాని బజ్జి పెట్టించాడు. ఆమె తింది. ఇంకో ప్లేటు చెప్పించుకుని అదీ తింది. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"నేను ఎమ్మిగనూరు జట్టులో ఉండానక్కా. దాచేదేముంది, ఆ పాస్‌వర్డ్ ఏందో రవ్వంత సెప్తివంటే..."

హులిగెమ్మ అటూ ఇటూ చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అతని చెవి దగ్గరికి వంగి, మెల్లగా అంది.

"సెప్పను."

మహేశ్వర్‌కు ఒళ్లు మండింది. తిన్నది అరగక ముందే ఇంత మాటా అనుకున్నాడు. అయినా పట్టు వదల్లేదు. ఈసారి ఎమ్మిగనూరు మగ్గం చీర ఒకటి పట్టుకొచ్చాడు. హులిగెమ్మ చీరను బుగ్గకు ఆనించుకుని మురిసిపోయింది.

"నా సొంత తమ్ముడు కూడా ఇట్లాంటిది తేలేదప్పా."

"ఇప్పుడన్నా పాస్‌వర్డ్..."

"సెప్పను."

అతని మొహం ఎర్రబడింది. ఆమె వింతగా చూసింది. "యాలప్పా ఉడుకుతాండావు? సరిగా ఇనపడలేదంటే ఇంగో తూరి అడుగు."

"ఏంది పాస్‌వర్డ్?"

"సెప్పను."

మహేశ్వర్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, బస్సెక్కేశాడు. దారి పొడుగునా ఆమెను తిట్టుకున్నాడు. ఊరు దగ్గర పడేసరికి తిట్లు అయిపోయి, గౌరవం మొదలైంది. ఉగ్గానికి లొంగలేదు, చీరకు లొంగలేదు. మనిషంటే ఆమె.

పోటీ రోజు ఆదోని హాలు కిక్కిరిసింది. న్యాయనిర్ణేతగా మంత్రాలయం నుంచి రిటైర్డ్ హెడ్మాస్టర్ ఇంద్రసేనయ్య వచ్చారు. హులిగెమ్మ ఆ చీరే కట్టుకుని వేదిక ఎక్కింది. పెద్ద తెర మీద ఆదోని యాప్ తాళంతో కనిపించింది.

"దీని పాస్‌వర్డ్ ఏమిటమ్మా?" అడిగారాయన.

హులిగెమ్మ మైకు దగ్గరికి జరిగి, "సెప్పను" అంది.

హాలంతా చప్పట్లు. జడ్జికే చెప్పలేదు చూడు, ఇదీ క్రమశిక్షణ అంటే అని వెనక వరుసలో ఎవరో ఈల వేశారు. ఆ గోలలో మహేశ్వర్‌కు పూనకం వచ్చినట్టయింది. లేచి నిలబడ్డాడు.

"సార్, ఈ అక్కకు నేను ఉగ్గాని పెట్టించినా, చీర పెట్టినా, పాస్‌వర్డ్ కోసరం కాళ్లా వేళ్లా పడినా. ఒక్క మాట రాబట్టలేకపోయినా. ఇట్లాంటి మనిషి మీద మేం గెలిచేది న్యాయం కాదు."

"నిజం ఒప్పుకున్నందుకు సంతోషం నాయనా," అన్నారు ఇంద్రసేనయ్య. "మీ జట్టును పోటీ నుంచి తీసేస్తున్నా. కూర్చో."

అతనికీ చప్పట్లు కొట్టారు. కేంద్రం పోయింది, ఇన్‌చార్జి ఉద్యోగం పోయింది, శెనక్కాయల దుమ్ము ఖాయమైంది. అయినా మహేశ్వర్ ఛాతీ పొంగించుకుని, కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఇక నువ్వే తెరువమ్మా" అన్నారు జడ్జి.

హులిగెమ్మ ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టింది. తెర మీద ఉత్త చుక్కలే పడుతుంటే, మేడం నేర్పినట్టు పక్కనున్న కన్ను బొమ్మ నొక్కింది. చుక్కలు పోయి గోడంత తెర మీద పాస్‌వర్డ్ తెలుగులో కనిపించింది.

సెప్పను.

యాప్ తెరుచుకుంది. వనజ మేడం తల పట్టుకుంది.

"ఎవురు పాస్‌వర్డ్ అడిగినా ఇదే మాట అనమని మేడమే నేర్పిచ్చింది సార్. మర్సిపోకుండా ఉంటాదని అదే పెట్టేసినా" అంది హులిగెమ్మ. తర్వాత, తెరిచిన నోరు మూయకుండా కూర్చున్న మహేశ్వర్ వైపు జాలిగా చూసింది.

"నీ ఉప్పు తిన్నందుకు అడిగినప్పుడల్లా సెప్తిని గదప్పా, ఒక్క తూరన్నా కొట్టి సూసుకోకపోతివా?"