నూట డెబ్భై రావాలి

"పిండి తర్వాత తుడుద్దువులే అమ్మా! ఇంజిన్ చల్లారిందంటే అంకెలు తప్పొస్తాయి" అన్నాడు తండ్రి గురునాథం.

రాధ గుడ్డ పక్కన పడేసింది. వ్యాన్ ఖాళీ చేస్తుంటే డ్రైవర్ సీటు ముందు బియ్యప్పిండి ప్యాకెట్ పగిలింది. బ్రేకూ యాక్సిలరేటరూ తెల్లగా అయిపోయాయి.

ఆ డొక్కు వ్యానే రాధ బతుకు. యూ టీ పేటలోని ఇంట్లో వండి, పాయా లేబర్ పేటలోని ఆఫీసుల్లో కంప్యూటర్ కుర్రాళ్ళకి భోజనాలు అందిస్తుంది. వ్యాన్ పర్మిట్‌కి ఇవాళ్టితో పదేళ్ళు నిండుతాయి. ఇంజిన్ బాగుంటే సాయంత్రంలోగా పొడిగించుకోవాలి. లేదంటే తుక్కే. కొత్తది కొనడం ఆమె వల్లయ్యే పనా!

గురునాథం సెంబవాంగ్ షిప్‌యార్డ్‌లో ముప్ఫై ఏళ్ళు ఇంజిన్లు విప్పినవాడు. ప్లగ్గులు తీసి, మొదటి సిలిండర్‌కి లోపలి ఒత్తిడి కొలిచే గేజ్ బిగించాడు. ఎత్తిన బానెట్ వెనక నుంచే, డ్రైవర్ సీట్లో కూర్చున్న అల్లుడికి చెప్పాడు.

"యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి తాళం తిప్పండి బాబూ. తొక్కకపోతే గాలి లోపలికి పోదు. మంచి ఇంజిన్ కూడా చచ్చినట్టే చూపిస్తుంది."

అల్లుడు సుధాకరరావు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. అతని మేనేజరు కూడా రాధ పప్పే తింటాడాయె! పెళ్ళాం కోసం ఈమాత్రం చేసే మొగుళ్ళు ఎందరుంటారు?

తాళం తిరిగింది. గేజ్ ముల్లు తొంభై దగ్గర ఆగింది.

రెండోది ఎనభై ఎనిమిది. మూడు, నాలుగూ అంతే.

"నూట డెబ్భై రావాలే!" గురునాథం నుదురు తుడుచుకున్నాడు. "పూర్తిగా తొక్కారా అల్లుడుగారూ?"

"తొక్కాను మామయ్యగారూ."

అల్లుణ్ణి రెట్టించి అడగడం వాళ్ళ ఇంటావంటా లేదు. ఇక తలుపు దగ్గరికెళ్ళి తొంగిచూడటమా, ఛ! సిలిండర్లలో కాస్త నూనె పోసి మళ్ళీ కొలిచాడు. ముల్లు పెద్దగా పైకి లేవలేదు.

"వాల్వులు పోయాయమ్మా. ఇక లాభం లేదు" అన్నాడు.

రాధ బావురుమంది. సుధాకరరావు దిగొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే రాధా! నేను సంపాదిస్తున్నాగా. ఇక హాయిగా ఇంట్లో కూర్చో."

సాయంత్రం అయిదు దాటింది. పర్మిట్ గడువు ముగిసింది. ఒకసారి పోతే మళ్ళీ ఇవ్వరు. తుక్కువాళ్ళు వచ్చి వ్యాన్‌కి గొలుసు తగిలించారు.

"ఒక్క నిమిషం" అంది రాధ. డాష్‌బోర్డు మీది లక్ష్మీదేవి బొమ్మ తీసుకుందామని డ్రైవర్ వైపు తలుపు తెరిచింది.

యాక్సిలరేటర్ మీది పిండి, పొద్దున ఒలికినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.