పరాయి సొత్తు

“ఆగవే, కత్తెర పెట్టకు! లోపల ఏ తేలో దూరి ఉంటే? అద్దం పగిలి గుచ్చుకుంటే? బ్యాటరీ పేలితే? ముందు వీడియో తియ్యి, తర్వాత విప్పు.”

“మొదలైంది సైరన్,” అని నవ్వింది కూతురు. “అమ్మా, ఇది కెమెరా. బాంబు కాదు.” తల్లి మాట పూర్తయ్యేలోపే పెట్టె మూత చింపేసింది.

లోపల, పాత గుడ్డలో చుట్టిన ఇటుక ఉంది.

తల్లి అన్నిటికీ భయపడింది గానీ ఇటుకకు భయపడలేదు. కూతురు అలాగే నేల మీద కూలబడింది. సొంత కెమెరా ఉంటేనే సోమవారం పనిలోకి రమ్మని స్టూడియో యజమాని ఖరాఖండిగా చెప్పాడు. ఆ పిల్ల దాచుకున్నదంతా ఊడ్చిపెట్టి కొన్నది అది.

షాపింగ్ సైటులో ఆ అమ్మకందారు పేరు ‘కెమెరా అన్న’. ఇటుక ఫొటో పంపగానే జవాబిచ్చాడు.

“నేను కెమెరానే పెట్టాను చెల్లెమ్మా. దారిలో ఏం జరిగిందో నాకేం తెలుసు? సైటువాళ్లు చూసేచోట గొడవెందుకు, మీ నంబరివ్వండి, ఫోన్లో మాట్లాడుకుందాం.”

“ఇవ్వకు!” తల్లి ఫోన్ లాక్కుంది. “ఇవాళ నంబరంటాడు, రేపు ఓటీపీ అంటాడు, ఎల్లుండికి మన బ్యాంకు ఖాతా ఊడ్చి ముగ్గేస్తాడు. ఏ మాటైనా ఇక్కడే రాయమను.”

అలా రాయగానే కెమెరా అన్న మూగనోము పట్టాడు. ఎన్ని మెసేజులు పెట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సైటులో ఫిర్యాదులు చూసే అమ్మాయికి ఫోన్ చేశారు. ఆమె మర్యాదగానే మాట్లాడింది.

“విప్పేటప్పుడు వీడియో తీశారా మేడమ్?”

కూతురు తల దించుకుంది.

“మరి ఇటుక ఆ పెట్టెలోంచే వచ్చిందని ఎలా నమ్మమంటారు? ఆయన కెమెరా పంపానంటున్నారు. మీరు కట్టిన డబ్బు ఇంకా మా దగ్గరే ఆగి ఉంది. సాయంత్రంలోగా రుజువు చూపిస్తే మీకు వెనక్కి వస్తుంది. లేకపోతే ఆయనకు వెళ్లిపోతుంది. పెట్టె, దాని మీది చీటీ, ఆ గుడ్డ, ఏదీ పారేయకండి.”

కూతురు గోడకు ఆనుకుని ఏడుపు అందుకుంది. “నీ మాట విని ఉంటే బాగుండేదమ్మా.”

“చాల్లే, ముక్కు తుడుచుకో,” అంటూ తల్లి ఆ గుడ్డను బాల్కనీలోకి తీసుకుపోయింది. ఏ నల్లులున్నాయో, ఏ జబ్బు మనిషి కట్టి విడిచిందో! దులపకుండా ఇంట్లో పెట్టుకోవడం ఆమె వల్ల కాదు.

తిరిగొచ్చేసరికి ఆమె పిడికిలి బిగించి ఉంది. ముఖం పాలిపోయింది.

“ఏంటమ్మా?”

“ఆ గుడ్డలో అతనిది ఒకటి ఉండిపోయిందే.” కొంగు చివర గట్టిగా ముడి వేసుకుంది. వీధి తలుపుకు గడియ పెట్టి వచ్చింది. కిటికీ రెక్క కూడా దగ్గరకు వేసింది.

“ఏంటది? ఉంగరమా? బంగారమా?”

తల్లి కొంగు ముడిని ఇంకాస్త బిగించింది.

“చెప్పమ్మా! బంగారమైతే అమ్మేద్దాం. పీడా పోతుంది.”

“పరాయి సొత్తు ఇంట్లో ఉంటే పాము ఉన్నట్టే. ఇచ్చేయాలి.”

“మనల్ని నిలువునా ముంచినవాడికా?” కూతురికి ఒళ్లు మండిపోయింది. “నీ మంచితనంతో మనం చిప్ప పట్టుకోవాల్సిందే!”

“నేను చెప్తా, నువ్వు రాయి. ఆ సైటులోనే. ఒక్క అక్షరం మార్చావో, చూడు మరి.”

కూతురు పళ్లు నూరుతూ రాసింది: “బాబూ, మీరు పంపిన గుడ్డలో ఒక వస్తువు దొరికింది. చిన్నదే. పసుపుపచ్చగా తళతళలాడుతోంది. ఒకరి సొత్తు నాకొద్దు. మీదైతే మీదేనని చెప్పండి, ఇచ్చేస్తాను. మీది కాకపోతే పోలీసులకు అప్పజెప్తాను. ఇలాంటివంటే నాకు భయం.”

పంపించారు. ఫోన్ బల్ల మీద పెట్టి ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాఫీ మీద మీగడ కట్టింది.

“చూడకపోతే? చూసి కూడా ఊరుకుంటే? మనుషుల్ని వెంటేసుకుని మీదికొస్తే?” తల్లి గొణుగుతూనే ఉంది.

ఫోన్ గుర్రుమంది.

“అమ్మా, మీరు దేవత! అది మాదే. ఇటుక చుట్టేటప్పుడు మా ఆవిడ చేతి నుంచి జారినట్టుంది. పోలీసులదాకా ఎందుకు? భద్రంగా ఉంచండి, ఇప్పుడే మనిషిని పంపిస్తున్నా.”

కూతురు మళ్లీ చదివింది. ‘ఇటుక చుట్టేటప్పుడు’ అన్నచోట ఆమె వేలు ఆగిపోయింది. మెల్లగా తలెత్తి తల్లి వైపు చూసింది. తల్లి అప్పటికే ఫిర్యాదుల అమ్మాయికి ఫోన్ కలుపుతోంది.

“చూశాను మేడమ్, నా ముందే ఉంది!” అవతల ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోతోంది. “ఇంతకంటే రుజువేం కావాలి? డబ్బు ఇప్పుడే వెనక్కి వేస్తున్నా. కెమెరా అన్న కొట్టు మా సైటులో ఇవాళ్టితో మూత.”

కూతురు ఎగిరి గంతేసి తల్లిని వాటేసుకుంది. “సోమవారం పనిలోకి వెళ్తున్నానమ్మా!”

“కొట్టుకెళ్లి, చేత్తో పట్టుకుని, నాలుగు ఫొటోలు తీసి చూసి మరీ కొను,” అంది తల్లి. “బిల్లు మర్చిపోకు.”

“సరే గానీ, అతని మనిషి వస్తే నిజంగానే ఇచ్చేస్తావా? ఇంతకీ ఉంగరమా, చెవిదిద్దా?”

తల్లి లేచింది. వీధి తలుపు గడియ ఇంకోసారి లాగి చూసుకుంది. వచ్చి కూర్చుంది. చల్లారిన కాఫీ మీది మీగడ తీసి పక్కన పెట్టి, కప్పు ఖాళీ చేసింది. అప్పుడు నిదానంగా కొంగు ముడి విప్పింది.

“చొక్కా గుండీ. ఇత్తడిది. తలుపు మాత్రం తియ్యకు, కిటికీలోంచి ఇచ్చెయ్. పాపం, కుట్టుకుంటాడు.”