చెల్లెలి కోసం యాంటెన్నా

"ఇది చాలదు. ఇంకా గట్టిది చూపించు," అంది ఐడెల్లా, పాత యాంటెన్నాని బల్ల మీద ఠప్పున పడేసి.

"రెండేళ్లు బాగానే పనిచేసిందిగా, ఐడెల్లా గారూ?" అన్నాడు ఇనప సామాన్ల కొట్టు యజమాని లొవెల్.

"చేసింది. ఇప్పుడు చాలట్లేదు. అమ్ముతావా, పక్క ఊరు పొమ్మంటావా?"

డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. ఐడహో కొండల్లో, సెల్‌ఫోను పలకని చోట, లోయకి పైన ఒంటరిల్లు. భర్త పోయాక చర్చివాళ్లు వచ్చి కిందకి దిగి రమ్మంటే గుమ్మంలోంచే సాగనంపింది. కౌంటీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వృద్ధాశ్రమం కాగితాలు తెస్తే, ఆ పిల్ల ఎదుటే వాటితో పొయ్యి రాజేసింది. "చచ్చినా ఒకడి ముందు చెయ్యి చాచను. ఇక్కడే ఉంటా, ఇక్కడే పోతా," అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

రెండేళ్ల కిందట ఆవిడే వచ్చి, ఫోన్లు పలకని ఆ లోయలో ఇంటింటా ఉండే జీఎంఆర్‌ఎస్ అనే మాట్లాడుకునే రేడియో సెట్టు కొనుక్కుంది. ఒరెగాన్ నుంచి వచ్చి కొండ అవతల దిగిన చెల్లెలితో రోజూ మాట్లాడుకోడానికట. ఆ చెల్లెల్ని ఎవరూ చూసింది లేదు. ఎవరితోనూ కలవని అక్కకి తగ్గ చెల్లెలే అయ్యుంటుందని నవ్వుకున్నారు.

"మా అక్కచెల్లెళ్ల మాటలు పరాయివాళ్ల చెవిన పడకూడదు. అదేదో రహస్యం కోడుంటుందట, అది పెట్టు," అంది ఆ రోజున.

అది పేరుకే రహస్యం. ఆ కోడు పెట్టుకుంటే పక్కవాళ్ల మాటలు మనకి వినపడవు, అంతే. మన మాటలు మాత్రం ఆ ఛానల్లో ఉన్న ప్రతివాడికీ శుభ్రంగా వినపడతాయి. లొవెల్ ఆ సంగతి చెప్పబోయాడు.

"నాకు పాఠాలు చెప్పకు. నిన్ను లాగూ లేనప్పటి నుంచీ ఎరుగుదును," అని నోరు మూయించింది.

మర్నాడు ఉదయం ఏడింటికి లోయలో ప్రతి వంటింట్లోనూ ఐడెల్లా గొంతు ఖంగుమంది. చెల్లెలి జవాబులు మాత్రం ఎవరికీ వినపడలేదు. ఆవిడది చిన్న చేతిసెట్టయ్యుంటుంది, మధ్యలో కొండ అడ్డం, ఎత్తు మీదున్న అక్కకి అందితే అందింది అనుకున్నారు.

"కట్టెలు ఈ వారంతో సరి. అయినా ఎవణ్ణీ అడగనే!" అంది ఒక రోజు. సాయంత్రానికి ఆవిడ పెరట్లో బండెడు కట్టెలు పడ్డాయి. మోకాలు వాచిందంది. గుమ్మం ముందు మందు సీసా వెలిసింది. దారి మంచుతో పూడిందంది. మధ్యాహ్నానికి ఎవరో తోసి పారేశారు.

"ఎవడే ఈ దొంగ పుణ్యాత్ముడు? దొరికితే చెవి మెలేస్తా!" అని ఆవిడ చెల్లెలితో తిట్టిపోస్తుంటే, కింద లోయంతా కాఫీలు తాగుతూ విరగబడి నవ్వింది.

నోట్లో నువ్వుగింజ నాననివాళ్లు కూడా ఈ ఒక్క సంగతీ కడుపులో దాచుకున్నారు. తెలిసిందంటే ఆవిడ ఆ సెట్టుని పొయ్యిలో పెడుతుంది. ఆ తరవాత వచ్చే చలికాలం దాటదు. లొవెల్ భయమంతా అదే.

పట్నం నుంచి కొత్తగా వచ్చిన రస్ ఇప్పుడు కొట్లో మేకుల అర దగ్గర్నుంచి ఇటు వచ్చాడు. రేడియోల గురించి తనకి తెలియంది లేదనుకునే మనిషి.

"మీరు మాట్లాడేది ఒక్కరితోనేనా, అమ్మా?"

"ఒక్కదానితోనే. మా చెల్లెలు."

"అయితే ఇది పట్టుకెళ్లండి." గోడకి వేలాడుతున్న చేపముల్లు లాంటి యాంటెన్నాని దించాడు. "మీ చెల్లెలింటి వైపు తిప్పి బిగించారంటే బలమంతా అటే పోతుంది. మిగతావాళ్లకి మీరున్నట్టే తెలియదు."

లొవెల్ చప్పున బల్ల ఇవతలికి వచ్చాడు. ఆ మిగతావాళ్లలోనే లోయంతా ఉంది.

"అది గాలికి తిరిగిపోతుందండీ," అన్నాడు గబగబా. "ఈ నిలువు కర్ర యాంటెన్నా తీసుకోండి. ఇరవై అడుగుల గొట్టం మీద నిలబెడితే తిరుగుండదు."

"అది నాలుగు వైపులా చిమ్ముతుందయ్యా! ఒక్క చెల్లెలి కోసం ఊరంతా అరవడం దేనికి?" రస్ గొంతు లేచింది. "పెద్దావిడ కదా అని పనికిరాని సరుకు అంటగడుతున్నావా?"

లొవెల్ తేలుకుట్టిన దొంగలా కర్రని బల్ల మీద పెట్టాడు. కొట్టు పెట్టిన ఇన్నేళ్లలో ఆ మాట పడటం అదే మొదలు.

ఐడెల్లా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దరి గోలా ఆపండి. ఇల్లు నాది, మాట్లాడే నోరు నాది. ఆ కర్రే ఇవ్వు."

"మీ ఖర్మ," అని రస్ విసురుగా వెళ్లిపోయాడు.

కర్రా, గొట్టమూ, కేబులు చుట్టా ఆవిడ ట్రక్కులో సర్దాడు లొవెల్. తలుపు వేశాక మాత్రం మనసొప్పలేదు.

"ఐడెల్లా గారూ, రస్ చెప్పింది నిజమే. ఒక్కరితో మాట్లాడాలంటే ఆ చేపముల్లే మంచిది."

"నాకు తెలీదనుకున్నావా?"

"మరి తెలిసీ ఇదెందుకు తీసుకున్నారు?"

"వాగు మలుపు దగ్గర ఇంకెవరో కొత్తగా దిగారు. వాళ్లకి ట్రాక్టరుందట. దీంతో అక్కడిదాకా వినపడుతుందా?"

"వినపడుతుంది గానీ," లొవెల్ బుర్ర గోక్కున్నాడు, "మీ చెల్లెలుండేది కొండకి అవతల కదండీ?"

ఐడెల్లా ట్రక్కు స్టార్ట్ చేసింది.

"నాకసలు చెల్లెలే లేదురా."