నర్సమ్మ కారు పంపు

మెకానిక్ ఈ వారంలో నాలుగోసారి నర్సమ్మ ఇంటికి వెళ్ళాడట. పాలవాడు కళ్ళారా చూశాడట. చూసి ఎదురింటి టైలరమ్మకి చెప్పాడట.

"ఉత్తిచేతులతో కూడా కాదటమ్మా. చంకలో సంచి. మీ షాపు ముందు నుంచి వెళ్తే దగ్గర దారేగా? వెనకసందులోంచి చుట్టు తిరిగి మరీ వెళ్ళాడట. నాకెందుకులే, చెవిన పడింది గనక చెప్పాను," అని టైలరమ్మ బొత్తాలు కుట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

తమ స్పేర్ పార్టుల షాపు కౌంటర్లో కూర్చుని ఇదంతా విన్న మెకానిక్ భార్యకి ఒళ్ళు మండిపోయింది. షట్టరు సగానికి లాగి, చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టకుండానే బయల్దేరింది.

నర్సమ్మ ఇంటి ముందు ఆ పాతకారు బానెట్ తెరుచుకుని ఉంది. మెకానిక్ అప్పుడే స్పానర్లు పరుస్తున్నాడు. పక్కనే మెట్టు మీద సంచి. భార్యను చూడగానే దాన్ని కాలితో మెల్లిగా వెనక్కి నెట్టాడు. ఆ నెట్టడం ఆమె చూసింది.

"ఏమయ్యా, ఈ కారు రోగం ఈ జన్మకి నయమయ్యేట్టు లేదా?"

"కొత్త నీళ్ళ పంపు వేసినా ఇంజను వేడెక్కిపోతోంది," అన్నాడు నేల చూస్తూ.

డ్యూటీ బట్టల్లో ఉన్న నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. "రా వదినా! నిన్న మళ్ళీ నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంకోసారి ఆలస్యమైతే పెద్దడాక్టరు మెమో ఇస్తానన్నాడు. అన్నయ్య మాత్రం పాపం, పిలవగానే వస్తున్నాడు."

"అవును పాపం. వంటింటి కుళాయి కారుతోందని నేను మూడు నెలలుగా మొత్తుకుంటున్నా. దానికి మాత్రం తీరదు మీ అన్నయ్యకి."

కొంగు నడుముకి దోపి కారు దగ్గరికి వచ్చింది. మెకానిక్ ఇంట్లో పుట్టి, మెకానిక్‌నే కట్టుకున్న మనిషి. రేడియేటర్ మూత తీసి, "స్టార్ట్ చెయ్యి," అంది.

ఇంజను ఎంత రొద పెట్టినా లోపల నీళ్ళు బిందెలో నీళ్ళలా కదలకుండా ఉన్నాయి.

"బెల్టు?"

"బిగువుగానే ఉంది."

"థర్మోస్టాట్ నీళ్ళకి అడ్డుపడుతోందేమో?"

"తీసి పక్కన పెట్టా. అయినా అంతే."

"లీకు?"

"చుక్క లేదు."

"అంటే పంపు తిరుగుతోంది గానీ నీళ్ళు తొయ్యడం లేదు. ఆపి విప్పు."

అతను ఒక్కో బోల్టూ తీసి ఖాళీ అట్టపెట్టెలో వేస్తున్నాడు. ఆమె కళ్ళు అరుగంతా వెతుకుతున్నాయి. రెండు టీ గ్లాసులు. ఒకదాని అడుగున కరగని చక్కెర. ఇంట్లో చక్కెర లేకుండా తాగే మనిషి!

పంపు చేతికి రాగానే తిరగేసి చూసింది. నవ్వింది గానీ అది నవ్వులా లేదు.

"రెక్కలు ఎటు వంగి ఉన్నాయో చూశావా? ఈ కారుకి ఎడమవైపు తిరిగే పంపు కావాలి. ఇది కుడివైపు తిరిగే పంపు, వేరే కారుది. బోల్టు రంధ్రాలు ఒకటే గనక చక్కగా కూర్చుంటుంది, నీళ్ళు మాత్రం తొయ్యదు. నాకు పదేళ్ళప్పుడే తెలుసు ఈ సంగతి. నీకు తెలీదా? తెలుసు! తెలిసే బిగించావు. రేపు మళ్ళీ పిలుస్తుందనీ, ఎల్లుండి మళ్ళీ రావచ్చనీ!"

నర్సమ్మ ముఖం కందిపోయింది. "వదినా, మాట జాగ్రత్త."

"వరసలు కలపడం నాకూ వచ్చులేమ్మా. అసలు ఏ గుడ్డివాడయ్యా నీకీ పంపు ఇచ్చింది?"

నర్సమ్మ వంగి, బోల్టులున్న అట్టపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది.

"పంపు ఇందులోనే వచ్చింది. ఇది సరిపోయేట్టు లేదు, మార్చుకొస్తానని వెళ్ళాడు. మళ్ళీ ఇదే పట్టుకొచ్చాడు."

పెట్టె మీద నీలం ఇంకుతో పెద్ద పెద్ద అక్షరాలు: 'ఇదే కరెక్టు. మళ్ళీ అడగొద్దు.'

చేతిరాత మెకానిక్ భార్యదే.

అతను పంపు అడిగిన రోజు, ఎవరి కారుకని తనే అడిగింది. నర్సమ్మదని అతను చెప్పాడు. ఆ తర్వాత తన చెయ్యి ఏ అరలోకి వెళ్ళిందో ఆమె చూడనే లేదు.

అయినా తగ్గలేదు. "సరే, నేనే పొరపాటు పడ్డాననుకో. ఆ సంచి సంగతేమిటి? నన్ను చూడగానే ఎందుకు నెట్టావు? ఏం తెచ్చావు ఈవిడకి? చీరా? గాజులా?"

అతను అడ్డుపడేలోగా సంచి లాక్కుని మెట్ల మీద బోర్లించింది.

ఇంకో అట్టపెట్టె పడింది. దాని మీద పక్కవీధి స్పేర్ పార్టుల షాపు ముద్ర. ఆ షాపు గుమ్మం తొక్కితే ఇంటికి రావద్దని ఆమె అతనికి ఎప్పుడో చెప్పింది. మూత ఊడి లోపలి పంపు బయటికి వచ్చింది. సరిగ్గా ఈ కారుదే. రెక్కలు వంగాల్సిన వైపే వంగి ఉన్నాయి.

ఆమె గొంతు సన్నబడింది. "నేనిచ్చింది తప్పని తెలిసినప్పుడు, నాతోనే ఇంకోసారి గట్టిగా చెప్పొచ్చుగా?"

మెకానిక్ చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకున్నాడు. కొత్త పంపు ఎత్తి, దుమ్ము ఊదాడు.

"నీది తప్పని నీకు చెప్పడం కంటే, ఈ పంపు పదిసార్లు విప్పి బిగించడం తేలిక."