కొటేషన్లలో పెళ్లికొడుకు

మెట్‌పల్లిలో నిఖితకు వచ్చిన మూడు సంబంధాలనూ తల్లి ఏదో ఒక వంక పెట్టి వద్దంది. నాలుగో అబ్బాయి పేరు ఎలిగేటి విజయేందర్ అని ఫోన్లో చెప్పిన మధ్యవర్తి, మిగతా వివరాలు రేపు తెస్తానన్నాడు. తల్లి అంతదాకా ఆగలేక ఆ పేరును ఇంటర్నెట్‌లో వెతికింది.

"లక్షమంది విజయేందర్లు వస్తుండ్రు బిడ్డా! గీళ్లల్ల మనోడెవడు?"

"గట్ల కాదవ్వా. ఇంటిపేరు, పేరు కలిపి కొటేషన్ల నడుమ పెట్టాలె. పక్కన ఊరు, పని గూడ రాయాలె," అంటూ నిఖిత ఖానాపూర్ అని, పశువుల డాక్టర్ అని చకచకా కొట్టింది. అదే పేరున్న క్రికెటర్ ఒకడు ఇంకా అడ్డొస్తుంటే, క్రికెట్ అనే మాట ముందు మైనస్ పెట్టి తీసేసింది.

ఒక్క వార్తే మిగిలింది. బావిలో పడ్డ బర్రెను పైకి తీయించి, ఒళ్లంతా బురదతో నవ్వుతున్న యువకుడి ఫొటో.

"మంచిగనే ఉన్నడు," అని మురిసిపోయిన తల్లి, అంతలోనే కూతురి వైపు తిరిగింది. "గని మధ్యవర్తి నాకు పేరొక్కటే చెప్పిండు. ఊరు, పని నీకెట్ల తెలుసే?"

నిఖిత తల వంచుకుంది.

"మధ్యవర్తిని పంపుమని ఆయనకు చెప్పిందే నేనవ్వా. జర గీ ఒక్కన్ని వద్దనకు."