ఖాళీ చీటీలు

"పేరు, తారీఖు ఖాళీగా వదిలెయ్యండి డాక్టరమ్మా. కింద సంతకం చాలు," అంటూ నర్సు బూజెమా మరణ ధ్రువపత్రాల కట్ట బల్లమీద పెట్టాడు.

డాక్టర్ తిజిరి పెన్ను మూత తీసింది. ఈ సహారా ఎడారి ఊళ్లో డాక్టర్లు నాలుగేళ్లు చెయ్యాల్సిన నిర్బంధ సేవను రెండేళ్లకు తగ్గిస్తూ రాజధాని అల్జీర్స్ నుంచి నిన్న ఉత్తర్వు వచ్చింది. ఆమెకు రెండేళ్లూ నిండాయి. విమానానికి తీసుకెళ్లే జీపు బయట హారన్ కొడుతోంది.

"ఇది తప్పు కదా బాబాయ్?"

"తప్పే. చీటీ లేందే పూడ్చనివ్వరు. మీరెళ్లాక ఇంకో డాక్టరంటే మూడొందల కిలోమీటర్ల అవతలే. ఈ ఎండకి శవం ఆగుతుందా?"

ఆమెకేమీ అనిపించలేదు. చెయ్యి సంతకాలు పెట్టుకుంటూ పోయింది.

"ఎన్ని కావాలి?"

"ముందున్న డాక్టరుగారు ముప్పై పెట్టి వెళ్లారు. మీరొచ్చేలోపు, పది నెలల్లోనే అయిపోయాయి."

"మరి ఈ రెండేళ్లలో నేనెన్ని రాశాను?"

బూజెమా పైకప్పుకేసి చూస్తూ వేళ్లు మడిచాడు.

"ఏడు."

పెన్ను ఆగింది. హారన్ మళ్లీ మోగింది.

"సంతకం చిన్నగా పెట్టండమ్మా," అన్నాడు బూజెమా, రెండో కట్ట ఆమె ముందుకు జరుపుతూ. "చెయ్యి నొప్పెడుతుంది."