రాయలా? అశోకుడా?

సెంటర్లో పెట్టే విగ్రహం ఎవరిదో ఆ సాయంత్రం తేలిపోవాలి. గ్రామసభకి ఊరంతా దిగింది.

“రాయలవారిదే!” సర్పంచ్ వెంకటనారాయణ బల్ల గుద్దాడు. “కొండవీడు కోట పట్టిన మొనగాడు. చెరువులు తవ్వించాడు, పద్యాలు రాశాడు. మన పక్కనే గెలిచిన రాజుని వదిలేసి ఎక్కడో పాట్నాలో ఏలినోడు మనకెందుకు?”

హైస్కూల్లో సోషల్ చెప్పే మాధురి లేచింది.

“రాయలు గొప్పవాడే సార్, ఎవరు కాదన్నారు? కానీ గెలిచి సంబరం చేసుకున్న రాజులు బోలెడుమంది. గెలిచాక, అయ్యో ఇంతమందిని ఏడిపించానే అని రాళ్ల మీద చెక్కించి మరీ ఒప్పుకున్నవాడు అశోకుడు. తప్పు ఒప్పుకునే పెద్దమనిషి ఊరికొకడన్నా ఉండాలి కదండీ!”

ఆ చివరి మాట సర్పంచ్ కళ్లలోకి చూస్తూ అంది. ఆయనకేం అర్థమవుతుంది? చేసినవి గుర్తుంటేగా!

మాధురికి అన్నీ గుర్తున్నాయి. ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న పిడుగురాళ్ల నుంచి వచ్చి ఈ ఊళ్లో ఒక్క ఏడాది మిరప కౌలు చేశాడు. ఎవరి కళ్లంలోనో కాయలు పోయాయి. వెనకా ముందూ చూడకుండా వెంకటనారాయణ ఆయన్ని ఇదే సెంటర్‌కి ఈడ్చుకొచ్చి, పెళ్లాంబిడ్డల ఎదుట తన కాళ్ల మీద బోర్లా పడేయించి దణ్ణం పెట్టించాడు. తర్వాత అసలు దొంగ దొరికాడు. ఎవరనుకున్నారు? వెంకటనారాయణ సొంత పాలేరు! అయినా పెద్దమనిషి నోట తప్పయిందన్న మాట రాలేదు. నాన్న ఆ అవమానంతోనే మంచం పట్టి, మళ్లీ లేవలేదు.

పాముకైనా పగ పన్నెండేళ్లే అంటారు. మాధురిది అంతకు రెట్టింపు దాటింది. అడిగి మరీ ఈ ఊరికి ట్రాన్స్‌ఫర్ వేయించుకుంది. ఒక్క పంట తీసి పోయిన కౌలుదారుణ్ణి ఊరు ఏనాడో మరిచిపోయింది. పెళ్లయి ఇంటిపేరు మారిన కూతుర్ని ఎవరు గుర్తుపడతారు?

సభలో గోల పెరిగింది. మిరపకోతలకి వెళ్లే మదార్‌బీ చెయ్యెత్తింది.

“అశోకుడు రోడ్డెంట చెట్లు నాటించాడంట కదా? మిట్టమధ్యాన్నం కాయలు కోసేవాళ్లకి పద్యం నీడిస్తుందా అయ్యా?”

ఆడకూలీలంతా గొల్లున నవ్వి అశోకుడికే చేతులెత్తారు. అంతే, రాయలు ఓడిపోయాడు. సర్పంచ్ మొహం మాడిపోయింది.

“సరే టీచరమ్మా, బొమ్మ పని నువ్వే చూసుకో. ఆయన సంగతులు నాకేం తెలవ్వు.”

“అలాగే సార్. ఆవిష్కరణ మాత్రం మీ చేతుల మీదుగానే జరగాలి.”

మాడిన మొహం కాస్తా వెలిగిపోయింది. ఆ మర్నాటి నుంచి సెలవు దొరికితే చాలు, మాధురి తెనాలిలో శిల్పి షెడ్డు దగ్గరే ఉండేది.

ఆవిష్కరణ రోజు చీరాల నుంచి తమ్ముడు కోటేష్ ఆటో వేసుకుని వచ్చాడు. ముసుగు తీసేదెవరో విని మండిపడ్డాడు.

“వాడి చేతా తీయించేది? నాన్నని పొట్టన పెట్టుకున్నోడికి నువ్వు పెద్దపీట వేస్తావా అక్కా? ఛీ, సిగ్గులేదూ?”

“అరవమాక. నోర్మూసుకుని నిలబడు.”

కోటేష్ పళ్లు నూరుకుంటూ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ముసుగు జారింది. చప్పట్లు మోగాయి. వెంకటనారాయణ చెప్పులు విప్పి, గులాబీల దండ వేసి, కెమెరాలు ఎటున్నాయో ఓసారి చూసుకుని, విగ్రహం కాళ్ల ముందు సాష్టాంగపడ్డాడు.

“సార్, ఇంకోసారి! ఫోటో సరిగా రాలేదు,” అన్నాడు విలేకరి.

ఇంకోసారి పడ్డాడు. దుమ్ము దులుపుకుంటూ లేచి మైకు అందుకున్నాడు.

“ఇకనుంచి ప్రతి ఆగస్టు పదిహేనుకీ ఈ మహానుభావుడికి తొలి దండ, తొలి దణ్ణం నాదే! నేను పోయాక నా కొడుకుది! ఇది నా మాట!”

జనం ఈలలు వేశారు. కోటేష్ కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

“ఏడిచింది చాల్లే, తలెత్తి చూడరా,” అంది మాధురి.

కోటేష్ తలెత్తాడు, అశోకుడి కిరీటం కింద ఉన్నది అచ్చంగా నాన్న ముఖమే.